చిత్రపు అంచులలో నిలిచిన నగరము



నేడు నేను మీతో ప్రసంగింపదలచిన విషయము పాత ఛాయాచిత్రములను గూర్చినది. మహాపురుషుల చిత్రపటములను గూర్చి గాని, మన యిండ్ల గోడలకు వ్రేలాడు పెండ్లి ఫొటోలను గూర్చి గాని కాదు; ఒక నగరపు వీధినో, రేవునో, అంగడినో ఎవరో ఎన్నడో తీసి, పిమ్మట తీసినవారును తీయించినవారును గతించిపోగా, ఏ బీరువా అడుగుననో, ఏ గ్రంథాలయపు అరలోనో, ఏ స్టూడియో అటకమీదనో దుమ్ము కప్పుకొని మిగిలిపోయిన చిత్రములను గూర్చి. అట్టివానిని చేతబట్టి చూచునప్పుడు మనలో పలువురము ఒక నిట్టూర్పు విడిచి, "ఆ రోజులే వేరు" అని పలికి, మరల యథాస్థానమున పెట్టివేయుదుము. ఆ నిట్టూర్పుతో సరిపెట్టుకొనరాదని నా మనవి. పాత చిత్రము చదువవలసిన వస్తువు. ఓపికతో, ఒక్కొక్క మూలను పట్టి, కూడబలుకుకొని చదువవలసిన వస్తువు. అట్లు చదివినచో తేలెడి సత్యమేమనగా, ఫొటో తీసినవాడు గురిపెట్టిన నడిమి భాగమున కంటె, అతడు గమనింపక వదలిన అంచులలోనే గతించిన నగరము ఎక్కువగ బ్రదికియున్నది.

మన జంగారెడ్డిగూడెము మెట్టసీమలోని ఊరు. ఒకవైపున బుట్టాయగూడెము మీదుగ మన్యపు కొండలు; మరొకవైపున కొయ్యలగూడెము దాటి పోగా పోగా గోదావరి గట్టు. మా తరమువారికి నగరమనగా ఏలూరు, కాదేని రాజమహేంద్రవరము. ఏలూరు కచ్చేరీ పనులకు పోవు ఊరు. రాజమహేంద్రవరము పుణ్యమునకును, చదువునకును, వైద్యమునకును, పెండ్లి బట్టలకును పోవు ఊరు. కొవ్వూరున దిగి, గోష్పాద క్షేత్రమున కాళ్లు కడుగుకొని, లాంచీ యెక్కి ఆవలి గట్టు చేరుట ఆనాటి ప్రయాణపు పరిపాటి. కావున ఈ ప్రసంగమునకు ఆ నగరపు గోదావరి గట్టునే ప్రధానముగ గైకొనుచున్నాను.

మొదట కెమెరా యొక్క స్వభావమును గూర్చి ఒక మాట. ఛాయాచిత్రము ఉన్నదానిని ఉన్నట్లు చూపునని లోకమున ఒక నమ్మకము గలదు. తొలినాటి చిత్రముల విషయమున అది సగమే నిజము. 1838లో పారిసు నగరమున డాగేర్ అను నాతడు ఒక మేడ కిటికీనుండి రాజవీధి నొకదానిని చిత్రించినాడు. పట్టపగలు; బండ్లును పాదచారులును సందడించుచుండు వేళ; అయినను చిత్రమున వీధియంతయు నిర్జనముగ నున్నది. ఆ పలక వెలుగును గ్రహించుటకు చాల నిమిషములు పట్టుటచేత, నడచిపోయినవారి రూపములు దానిపై నిలువలేదు. ఒక మూల జోళ్లకు మెరుగు పెట్టించుకొనుచు కాలు కదపక నిలిచిన మనుష్యుడును, ఆ మెరుగు పెట్టుచున్నవాని మసక రూపమును మాత్రమే మిగిలినవి. మన దేశమున గాజుపలకలపై తీసిన తొలినాటి చిత్రములకును ఇదియే లక్షణము. పారుచున్న నది అలలు లేని తెల్లని పరపుగ కనబడును. నీలవర్ణమునకు ఆ పలక మిక్కిలి త్వరగ లోనగుటచే, మబ్బులు క్రమ్మిన ఆషాఢపు నింగియు వట్టి తెల్లకాగితముగ వెలవెలబోవును. ఎఱుపన్నది ఆ పలకకు తెలియనే తెలియదు. అందుచే ముత్తైదువ నుదుటి కుంకుమ నల్లగ పడును. కాషాయము ధరించిన యతి నల్లని వస్త్రము చుట్టుకొన్నట్లు తోచును. ఈ మర్మము తెలియనివాడు పాత చిత్రమును చూచి, ఆనాటి ఊళ్లు జనము లేనివి, రంగు లేనివి, తొందర లేనివి అని తలపోయును. ఆ శూన్యము కాలముది కాదు, పలకది. అది తెలిసికొని చూచినవానికి ఖాళీగ నున్న వీధి నిండిపోవును. తెల్లని నింగియందు మబ్బులు లేచివచ్చును. నల్లని బొట్టు ఎఱ్ఱబారును.

ఇక రాజమహేంద్రవరపు గట్టునకు వత్తము. అచటి నదీతీరపు చిత్ర మొకటి చేత జిక్కినదనుకొనుడు. వెనుక తేదీ లేదు. తీసినవాని పేరు లేదు. ఇచ్చినవారికి వివరము తెలియదు. దాని వయస్సును తేల్చుట యెట్లు? ఆ నగరమున వంతెనలే మనకు పంచాంగము. నీటినడుమ రాతి దిమ్మెలు లేచియుండి, వానిపై ఇనుప గర్డర్లు ఇంకను పూర్తిగ ఎక్కనిచో, అది 1897కును 1900కును నడుమ తీసిన చిత్రము. ఏలయన, వాల్టన్ అను ఇంజనీరు పర్యవేక్షణమున 1897 నవంబరులో ఆరంభమైన తొలి రైలు వంతెన 1900 ఆగష్టు నాటికి ముగిసి, అప్పటి మదరాసు గవర్నరు హేవలాక్ పేరు దాల్చినది. ఒక్కొక్కటి నూటయేబది అడుగుల నిడివి గల 56 స్పాన్లతో ఆ వంతెన యొక్కటియే నదిపై సాగియున్నచో, ఆ చిత్రము 1900కు తరువాతిది, 1974కు ముందుది. పైన బస్సులును క్రింద రైళ్లును పోవు రెండంతస్తుల వంతెన తోడైనచో 1974కు ఈవలిది. విల్లువంపు కాంక్రీటు కమానులు, ఒక్కొక్కటి 97 మీటర్లకు మించిన నిడివితో ఇరువదియెనిమిది వరుసదీరి కనబడినచో అది ఇంకను కొత్తది. ఆ మూడవ వంతెన సిద్ధమైన 1997లోనే హేవలాక్ వంతెనపై రైళ్ల రాకపోకలు ముగిసినవి. 2015లో తెరచిన నాలుగవ వంతెనయు కానవచ్చెనా, ఆ చిత్రము నిన్నమొన్నటిది. ఇట్లే ధవళేశ్వరమున నీరు పొడవాటి రాతికట్టమీదుగ పొర్లిపడుచున్నచో అది ఆర్థర్ కాటన్ 1847లో ఆరంభించి 1852 నాటికి ముగించిన ఆనకట్ట. 175 తలుపులతో వంతెనవలె నిలిచియున్నచో అది 1982 నాటికి పూర్తియైన బ్యారేజి. తేదీ లేని చిత్రమునకు తేదీ చెప్పుటకు పెద్ద పాండిత్యము అక్కరలేదు. ఊరి చరిత్ర కొంత, కన్నుల ఓర్పు కొంత చాలును.

అయితే వంతెన చిత్రపు నడుమ నుండునది. తీసినవాడు దానికొఱకే తీసినాడు. నా యొద్ద నున్న ఒక చిత్రమును గూర్చి చెప్పెదను. అరచేతి కంటె కొంచెము పెద్దది. దళసరి అట్టకు అంటించినది. ఒక మూల చెదలు కొఱికినది. నడుమ హేవలాక్ వంతెన, దానిపై పొగ విడుచుచు పోవు రైలు. దాని కొఱకే ఆ చిత్రము పుట్టినదనుట స్పష్టము. కాని భూతద్దము పెట్టి కుడివైపు అడుగుమూలను చూచినచో అచట వేఱొక లోకము గలదు. రేవు మెట్లు, మెట్ల చివరనుండి నీటిమీదుగ లాంచీకి వేసిన సన్నని బల్ల, ఆ బల్లమీద నెత్తిన మూటతో ఒక కాలు ముందునకు పెట్టి ఆగిన స్త్రీ, ఆమె వెనుక చంకన పిల్లవానితో, చేత జోళ్లు పట్టుకొన్న పురుషుడు, మెట్లపైన రావిచెట్టు క్రింద ఎదురెదురుగ గొంతుకూర్చున్న మంగలియు యాత్రికుడును, ఆ ప్రక్కన తల వంచుకొని మేత మేయుచున్న జట్కా గుఱ్ఱము, కెమెరా వంక తిరిగి చూచుటచే ముఖము రెండుగ చెదరిన ఒక కుఱ్ఱవాడు. వీరిలో ఒక్కరినైనను ఆ ఫొటో తీసినవాడు తీయదలచలేదు. ఎవరును వలదనుకొనకయు, ఎవరును కావలెననుకొనకయు, వీరందరును చిత్రపు అంచున నిలిచిపోయినారు.

ఆ చిత్రమును నేను పలుమార్లు చూచితిని. చూచినంతవఱకు నాకు దెలిసినది మీకు జెప్పితిని. ఒకప్పుడు లాంచీపై సరంగుగ పనిచేసిన వృద్ధుడొకనికి దానిని చూపగా, ఆయన అద్దమైనను అడుగక, చిత్రమును వెలుతురునకు పట్టి, బల్లమీద వ్రేలుంచి యిట్లనినాడు: "ఇన్ని మెట్లు తేలాయంటే ఇది నడి ఎండాకాలం నాయనా. నీళ్లు తీసేశాయి. లాంచీ మెట్టుదాకా రాదు, ఇసకలో కూరుకుపోద్ది. అందుకే అంత పొడుగు బల్ల ఏశారు. వరదలప్పుడైతే ఈ బల్లతో పనే లేదు, పైమెట్టు మీంచే ఎక్కేసేవారు." పిదప ఆయన చిత్రములోని నీడలను చూపినాడు. అవి నదివైపునుండి మెట్లమీదుగ మనవైపునకు సాగియున్నవి. రాజమహేంద్రవరము నదికి తూర్పుగట్టున నున్న ఊరు గనుక, ప్రొద్దు కొవ్వూరువైపు వాలిన వేళ యని తేలినది. బల్లయెక్కుచున్న ఆ దంపతులు నగరమున పని ముగించుకొని, చీకటి పడకమున్నే ఆవలి గట్టు చేరబోవుచున్న పల్లెటూరివారు. ఒక బల్ల నిడివినుండి ఋతువును, నీటిమట్టమును, నావికుల జాగ్రత్తను చెప్పిన ఆ వృద్ధుని మాట నే నెన్నడును మఱవజాలను. ఆయన చెప్పనిచో ఆ బల్ల నాకు వట్టి బల్లయే. చిత్రము సగము సాక్ష్యము. తక్కిన సగము దానిని చదువగల మనుష్యునియందున్నది.

ఈ రేవుల వలెనే కాలువలపై పడవ ప్రయాణమును నేటివారికి చిత్రములలో మాత్రమే దొరకును. ధవళేశ్వరపు ఆనకట్ట కట్టిన పిమ్మట డెల్టాయంతట అల్లుకొన్న కాలువలు పొలములకు నీరిచ్చుటకే గాక, మనుష్యులకును సరుకులకును రాజమార్గములై యుండెను. మనవైపున విజ్జేశ్వరమునొద్ద ఆరంభమైన కాలువ శాఖోపశాఖలై సాగి, అందొకటి ఏలూరు చేరి, అచట కృష్ణ కాలువతో కలియుటచే, ఒక నదీజలమునుండి మరొక నదీజలమునకు, అటుపై బకింగుహాము కాలువమీదుగ మదరాసు దాకను సరుకుల పడవలు పోవుచుండెను. గాలి అనుకూలమైనచో తెరచాప. లేనిచో గట్టువెంబడి నడచుచు భుజమునకు తాడు తగిలించుకొని పడవను లాగు మనుష్యులు. లాకులయొద్ద పడవ నాపి, తలుపులు మూసి, నీటిమట్టము సమమగువఱకు వేచియుండు ఆ విరామమున చుట్టు ప్రక్కల మిఠాయి, అరటిపండ్లు, సోడాలు అమ్మువారు చేరి, ప్రతి లాకును ఒక చిన్న అంగడి యగుచుండెను. పాత లాకుల చిత్రములు తీసినవారు ఇంజనీరింగు పనితనమును చూపుటకే వానిని తీసిరి. కాని వానిలో ఒక మూలనో, గట్టుమీదనో, తాడు పట్టినవాడు వంగిన నడుముతో కనబడుచున్నాడా యని నేను వెదకుచుందును. ఆ కాలువల వాణిజ్యమంతయు అతని భుజముమీదుగ సాగినది.

ఇచట ఒక సందేహము రావచ్చును: పోయిన దృశ్యములను నిలుపుటకు చిత్రకారులు లేరా, కెమెరాయే కావలెనా యని. రాజమహేంద్రవరమునకు ఆ భాగ్యమును గలదు. 1897లో ఆ నగరమునందే జన్మించి, అచటి కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ప్రోత్సాహమున బొంబాయి జె.జె. కళాశాలలో విద్య నభ్యసించి, 1925లో ఇరువదియెనిమిదేండ్లైనను నిండకమున్నే మశూచిచే అస్తమించిన దామెర్ల రామారావు చిత్రములు నేటికిని అచట ఆయన పేరిటి చిత్రశాలలో నున్నవి. అదే కూల్డ్రే దొర శిష్యుడగు అడివి బాపిరాజు కుంచెను కలమును రెంటిని చేపట్టి మన సీమ సౌందర్యమును కీర్తించినాడు. వారి కృషికి చేతులెత్తి మ్రొక్కవలసినదే. అయితే చిత్రకారుని ధర్మము వేఱు. ఆతడు ఏఱుకొనును, కావలసినదానిని నిలిపి, అక్కరలేనిదానిని విడిచి, రేఖలను కుదించి, రసమును పెంచును. కెమెరాకు ఏఱుకొనుట చేతకాదు. వంతెనతోపాటు మంగలిని, రైలుతోపాటు జట్కా గుఱ్ఱమును అది పట్టుకొనక మానదు. చిత్రకారుడు మనకిచ్చునది తాను ప్రేమించిన నగరము. పాత ఫొటో ఇచ్చునది ఎవరును తలపని నగరము. ఇటు 1964 నాటి 'మూగ మనసులు', 1973 నాటి 'అందాల రాముడు' వంటి చలనచిత్రములును ఈ విధముగనే మనకు మేలుచేసినవి. నాయికానాయకులను చూచుటకు పోయినవారి కన్నులకు, వారి వెనుకనున్న గోదావరి గట్టులును, పడవలును, లాంచీలును నేడు విలువైన దాఖలాలుగ తోచుచున్నవి.

కొన్ని నగరములు తాము మారబోవుటను ముందే యెఱిగి, మారకమున్నే తమ రూపమును చిత్రింపించుకొన్నవి. పారిసు నగరమున పాత ఇరుకు వీధులను కూలద్రోసి విశాల మార్గములు వేయించిన కాలమున, ఆ పాత వీధులను చిత్రించు పనిని నగరాధికారులు చార్లెస్ మార్విల్ అను ఛాయాగ్రాహకునకు ఒప్పగించిరి. స్కాట్లండులోని గ్లాస్గో నగరమున 1868 మొదలు 1871 వఱకు థామస్ ఆనన్ అను నాతడు కూల్చబోవు పేదల వాడలను చిత్రించెను. మన తెలుగు నేలపై అట్టి సంపద కొంతలో కొంత హైదరాబాదునకు దక్కినది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడై, ముసవ్విర్ జంగ్ బిరుదము నందిన రాజా దీన్ దయాళ్, ఆ నగరపు భవనములను, దర్బారులను, వీధులను పదిలపరచి 1905లో మరణించినాడు. మూడేండ్లు గడచినంతనే, 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి, వేలకొలది ప్రాణములను బలిగొని, నదికి ఇరుగట్టుల నున్న పేటలను తుడిచిపెట్టినది. ఆ పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహామేరకు ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయములు వెలసినవి. గట్టులు కొత్త రూపు దాల్చినవి. వరదకు మునుపటి హైదరాబాదు ఎట్లుండెనో తెలియగోరువాడు దీన్ దయాళ్ పలకలను ఆశ్రయింపవలసినదే. తీసిన నాడు అవి రాజవైభవమునకు చిత్రములు. వరద పిమ్మట అవి పోయిన నగరమునకు సాక్ష్యములైనవి.

రాజధానులకు ఆస్థాన ఛాయాగ్రాహకులు. మావంటి ఊళ్లకు ఫొటో స్టూడియోలు. జంగారెడ్డిగూడెమును ఒకనాడు పెద్ద పల్లె యనదగియుండెను. నేడది పురపాలక పట్టణము. పశ్చిమగోదావరి జిల్లాలో నుండి, 2022లో ఏలూరు జిల్లాలో చేరినది. ఆ మార్పును పూర్తిగ చిత్రించినవారు లేరు గాని, స్టూడియోలవారు తెలియకయే కొంత చిత్రించిరి. మీలో పెద్దలకు జ్ఞప్తి యుండును: స్టూడియోలో వెనుక ఒక తెర, తెరపై రంగులతో వేసిన మేడ, వంపు తిరిగిన మెట్లు, కొలను, ముందొక చెక్క కుర్చీ, దాని ప్రక్క స్టాండుమీద కాగితపు పూలు. గురవాయిగూడెమున మద్ది ఆంజనేయస్వామిని సేవించి వచ్చిన దంపతులు, పొగాకు సొమ్ము చేతబడిన రైతు, మన్యమునుండి పనికి దిగివచ్చిన యువకుడు, పదవ తరగతి పూర్తియైన విద్యార్థులు, అందరును ఆ మేడ ముందే నిలిచిరి. మన యిండ్లకు వచ్చిన ఫొటోలో తెర అంచు కనబడదు; ముద్రించునప్పుడు దానిని కత్తిరించివేయుదురు. కాని నెగటివులో ఆ అంచు అట్లే యున్నది. అట్టి పాత నెగటివు నొకదానిని వెలుతురునకు పట్టి చూచితిని. మేడ ముగిసిన చోట సున్నము రాలిన గోడ. ఆ గోడకు తగిలించిన దువ్వెన, అద్దము. తెరచిన తలుపుగుండ వీధి. వీధికావల పెంకుటింటి అరుగుమీద వరుసగ పేర్చిన బస్తాలు, అరుగుకు చేరవేసిన సైకిలు, బండి చక్రమొకటి సగము. ఆ పెంకుటిల్లు నేడు లేదు; అచట మూడంతస్తుల దుకాణము లేచినది. ఆ అరుగు ఈ లోకమున మరెచటను లేదు, ఆ నెగటివు అంచున దప్ప.

మా మెట్టసీమలో ఇట్లు కనుమఱుగగుచున్న మరొక రూపము పొగాకు బ్యారన్. ఒకనాడు దారిపొడవునను పొలములనడుమ నిలువుగ లేచిన ఎత్తైన ఇటుక గదులు; వాని ప్రక్క కొండలవలె పేర్చిన వంటచెఱకు; కర్రలకు ఆకు అల్లుచు వరుసదీరి కూర్చున్న స్త్రీలు; రేయింబవళ్లు నిప్పు చెడకుండ కనిపెట్టి, వేడిని చూచుకొనుచు మేల్కొనియుండు కూలీలు. నేడు పొగాకు సాగు పూర్తిగ పోలేదు గాని, పలు చేలలో పామాయిలు తోటలు పెరిగి, వాడుక తప్పిన బ్యారన్లు పైకప్పు కూలి నిలిచియున్నవి. వానిని ఎవరును ముచ్చటపడి ఫొటో తీయరు. అందుచేతనే నేడు తీయవలసినది.

ఇట్లు చెప్పుచున్నంత మాత్రమున పోయినదంతయు మంచిదనియు, వచ్చినదంతయు చెడ్డదనియు నా భావము కాదు. పాత చిత్రములను ప్రేమించువారు పడరాని పొరపాటు అది. తాడు పట్టి పడవను లాగిన వాని భుజమున కాయ కాచియుండెను. లాంచీ ఆగిపోయిన వరదరాత్రులందు ఆవలి గట్టునకు వైద్యమునకు చేరలేక పోయిన ప్రాణములు గలవు. వంతెన వచ్చుట ఎందరికో పునర్జన్మము. ఇంకొకటి. పాత వీధుల చిత్రములలో ఎవరు కనబడుచున్నారో మాత్రమే గాక ఎవరు కనబడుట లేదో కూడ చూడవలెను. నీరు మోయువారు, చేపలమ్మువారు, కూలిపనివారు తప్ప స్త్రీలు వీధులలో అరుదు. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగము తొలి వితంతు పునర్వివాహమును జరిపించిన నగరము రాజమహేంద్రవరము. ఆ పోరాటమంతయు నే స్త్రీల కొఱకు సాగినదో, ఆ స్త్రీలు వీధి చిత్రములలో లేరు. వారు తలుపుల వెనుక నుండిరి. ఆ లేమియు ఒక సాక్ష్యమే. వీధి నడుమ కుర్చీలు వేసికొని కూర్చున్నవారి పేర్లు చిత్రము క్రింద వ్రాయబడును. చివరన నిలిచి గొడుగు పట్టినవాని పేరు ఎచటను ఉండదు. అంచులను చదువుట యనగా ఆ పేరులేనివానిని గుర్తించుటయు. పోయిన నగరమును స్మరించుట, దాని సౌందర్యమునకు మాత్రమే గాక దానిని మోసిన మనుష్యులకును చెల్లింపవలసిన ఋణము.

ఈ చిత్రములు మన కండ్లయెదుటనే నశించుచున్నవి. మన గోదావరి సీమ గాలిలో తేమ యెక్కువ. ఫొటో పైపూతయగు జెలటిను వానకాలమున తేమ పీల్చి బూజు పట్టును. ఫ్రేములో అద్దమున కంటుకొని, తీయబోయినప్పుడు ముఖములతో సహా ఊడివచ్చును. అట్టను చెదలు తినును. జిగురు పుటల ఆల్బములలో పెట్టినవి పసుపువన్నెకు తిరుగును. కాగితమునకు అద్దమునకు నడుమ కొంచెము ఎడముంచుడు. తడి తగిలిన గోడకు తగిలింపకుడు. జిగురు పూయకుడు. వెనుక వ్రాయదలచినచో సిరాతో గాక మెత్తని పెన్సిలుతో, అదిమిపెట్టక, అంచున వ్రాయుడు. స్టూడియోలవారు డిజిటలు పద్ధతికి మారినప్పుడు పాత నెగటివులను చెత్తతో పాఱవేసిన ఊళ్లు కలవు; ఇంకను మిగిలియున్నచో వానిని అడిగి తెచ్చి, మన గ్రంథాలయములకు చేర్చుడు. రాజమహేంద్రవరపు గౌతమీ గ్రంథాలయము పందొమ్మిదవ శతాబ్ది చివరినుండి గ్రంథములను, పాత పత్రికలను కాపాడుకొనుచు వచ్చుట తెలుగువారి కెంత మేలైనదో చూచితిమి; ఛాయాచిత్రములకును అట్టి ఆశ్రయము ప్రతి పట్టణమునను కావలెను.

కడపటి మాటగ ఒక విన్నపము. కనుమఱుగగుట గతకాలపు సంగతి యని తలపకుడు. పోలవరము ప్రాజెక్టు నిర్మాణమునకై పైడిపాక, రామయ్యపేట, దేవరగొంది వంటి గోదావరి గట్టు గ్రామములు ఖాళీయైనవి. అక్కడి కుటుంబములు పునరావాస కాలనీలకు చేరినవి. మన మండలపు తాడ్వాయియొద్దను అట్టి కాలనీ గలదు. అచటి పెద్దల చేతిలో నున్న ఫొటోలు వారి పాత ఊరికి మిగిలిన ఋజువులు. ఆ ఫొటోలలోని చెట్టు పేరు, రేవు పేరు, గట్టు పేరు, అరుగుమీద కూర్చున్నవాని పేరు చెప్పగలవారు నేడు అచటనే, మన ప్రక్కనే, సజీవులై యున్నారు. ఇంకొక పదేండ్లకు ఎందరుందురు?

కావున విద్యార్థులకు నా కోరిక యిది. మీలో నేడు చేత కెమెరా లేనివాడు లేడు. మీ ముఖములతోపాటు మీ వీధిని తీయుడు. దుకాణపు బోర్డును, బస్సు స్టాండును, బ్యారన్‌ను, సందు మొగను, టీ కొట్టు ముందున్న బల్లను తీయుడు. తీసిన నాడే ఊరు, తేదీ, వైపు, మనుష్యుల పేర్లు వ్రాసిపెట్టుడు. ఈ ఆదివారము మీ యింటి పాత ఆల్బము నొకదానిని దించి, ఇంటిలోని పెద్దల ప్రక్కన కూర్చుండి, "తాతయ్యా, ఈ చివర నిలుచున్నది ఎవరు?" అని అడుగుడు. వారు చెప్పినదానిని చెప్పినట్లు వ్రాసికొనుడు. నడుమ నున్నవారిని గూర్చి అందరును అడుగుదురు. మీరు చివరివానిని గూర్చి అడుగుడు.